భాషా సంఘమునకు రక్తపుపోటుతో పనిలేదా?

గత మాసమున జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశమునకు వచ్చినవారికి జరిగినదంతయు తెలియును. రానివారి కొరకు చెప్పుచున్నాము. సంఘ భవనపు ముందుగదిలో ప్రతి ఆదివారము ఉదయము 2 గంటలసేపు రక్తపుపోటు కొలుచు యంత్రములు రెండు ఉంచవలెననియు, కొలిచిన అంకెలు వ్రాసి యిచ్చుటకు తెలుగున ఒక చిన్న చీటీపుస్తకము అచ్చు వేయింపవలెననియు మేమొక తీర్మానమును ప్రతిపాదించితిమి. యంత్రములు మేమే కొని యిచ్చెదమంటిమి. నర్సు పనిలో చాలకాలము అనుభవముగల మన సభ్యుల ఆడపడుచు ఒకరు వచ్చి కూర్చుండుటకు ఒప్పుకొనిరి. సంఘమునకు పడు ఖర్చు అచ్చుకూలి మాత్రమే. అయినను తీర్మానము వాయిదా పడినది. వాయిదా పడుటయే కాదు, నవ్వులపాలైనది. వెనుక వరుసనుండి ఒక పెద్దమనిషి లేచి, “ఏమయ్యా, ఇది తెలుగు సంఘమా, ధర్మాసుపత్రా?” అని అడుగగా సభ గొల్లుమన్నది.

ఆ నవ్వులో మేమును కొంత కలిసితిమి. కాని ఇంటికి వచ్చిన పిమ్మట నిద్ర పట్టలేదు. ఆనాడు చెప్పవలసిన మాట నేడు ఈ పత్రికలో చెప్పుచున్నాము. మేము వైద్యులము కాము, ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి తరగుపేటలో కిరాణా టోకు వ్యాపారమునకు దిగినవారము. వైద్యము చెప్పుటకు మాకు అర్హత లేదు. లెక్క చెప్పుటకు మాత్రము కలదు.

సభలో వచ్చిన ఆక్షేపణలు మూడు. భాషా సంఘము భాషను చూచుకొనవలెను గాని దేహమును కాదనునది మొదటిది. రక్తపుపోటు కార్లలో తిరుగు శ్రీమంతుల జబ్బు, మనబోటి కష్టజీవులకు రాదనునది రెండవది. ఒకసారి మాత్ర వేసికొన్నచో జన్మమంతయు దానికి దాసోహమనవలెను, కనుక కొలిపించుకొనకుండుటయే మేలనునది మూడవది. చప్పట్లు ఎక్కువగా పడినవి ఈ మూడవదానికే.

మొదటి ఆక్షేపణకు ఒక తల్లి కథ చెప్పుదుము. పేరు చెప్పము. హిందూపురము ప్రాంతమునుండి కుమారుని ఉద్యోగము వెంట వచ్చి యలహంక వైపు కాపురమున్న వృద్ధురాలు. తెలుగు తప్ప వేరొక భాష రాదు. తలతిరుగుచున్నదని కోడలు ఆమెను ఆసుపత్రికి తీసికొనిపోగా, అచ్చటి డాక్టరు రక్తపుపోటు హెచ్చుగా ఉన్నదని కనుగొని, నెలకు సరిపడు మాత్రలు వ్రాసి, అవి అయిన పిమ్మట మరల రమ్మని కన్నడమున ఓపికగనే చెప్పెను. ఆయన తప్పేమియు లేదు. కోడలు ఆ సమయమున డబ్బు కట్టుటకు కిటికీ దగ్గర నిలుచున్నది. అవ్వ తల ఊపినది. నెల గడచెను, మాత్రలు అయిపోయెను, తలతిరుగుట తగ్గెను. “కోర్సు అయిపోయింది నాయనా, ఇంక అక్కరలేదు” అని కుమారునితో చెప్పినది. ఆయనయు సరేయనెను. అయిదు నెలలు గడచిన పిమ్మట ఒక తెల్లవారుజామున కుడికాలు, కుడిచేయి పడిపోయినవి. మెదడున ఎడమభాగమునకు దెబ్బ తగిలినప్పుడు పెక్కుమందికి మాటయు పోవును. ఆమెకును పోయినది. ఇప్పుడు మనుమరాలిని పిలువవలెనన్నను పేరు నోటికి రాదు. ఎడమచేతితో మంచపుపట్టె తట్టి పిలుచుచున్నది.

ఈ నగరమున తెలుగు బడుల కొరకు అర్జీలు వ్రాసితిమి. గ్రంథాలయమునకు తెలుగు పుస్తకముల కొరకు తిరిగితిమి. మాతృభాష నిలువవలెనని ఉపన్యాసములిచ్చితిమి, విన్నాము. ఇచ్చట ఒక తల్లి నోట మాతృభాషయే పోయినది. ఎందువలన? “ఈ మాత్ర అయిపోయినదని మానరాదు, అయిపోకముందే మరల తెచ్చుకొనవలెను” అను ఒక్క వాక్యము ఆమెకు తెలిసిన భాషలో ఎవరును చెప్పనందువలన. ఆ వాక్యమును చెప్పుట భాషా సంఘము పని కానిచో భాషా సంఘమునకు మరి ఏ పని కలదో ఆ పెద్దమనిషియే సెలవియ్యవలెను. కన్నడమున చెప్పుటకు ప్రభుత్వము కలదు, ఇంగ్లీషున చెప్పుటకు పెద్ద ఆసుపత్రులు కలవు. తెలుగున చెప్పుటకు ఈ ఊరిలో మనము తప్ప దిక్కెవరు?

ఇక రక్తపుపోటు అనగానేమో తెలియకయే నవ్వినవారు ఆనాడు సభలో సగముమంది ఉందురు. మేము తెలిసికొన్నంతవరకు చెప్పుదుము. గుండె దినమునకు సుమారు లక్షమార్లు కొట్టుకొని రక్తమును నాళములలోనికి నెట్టుచుండును. నెట్టినప్పుడు నాళపుగోడపై పడు ఒత్తిడి పై అంకె. రెండు దెబ్బల నడుమ గుండె సేదదీరు క్షణమున ఉండు ఒత్తిడి క్రింది అంకె. ఆసుపత్రిలో వేర్వేరు దినములందు కొలిచినను పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని, అంతకు మించి గాని ఉన్నచో అది అధికపోటు. ఇంటిలో కొలుచుకొనువారికి హద్దు 135, 85. ఈ ఒత్తిడి ఏండ్ల తరబడి సాగినచో నాళములు బిరుసెక్కును, గుండెగోడ మందమెక్కి అలసిపోవును, మూత్రపిండముల సన్ననాళములు చెడును, కంటిలోపలి పొర దెబ్బతినును, మెదడులో నాళము మూసికొనును లేదా చిట్లును. ఇంత జరుగుచున్నను మనిషికి నొప్పి తెలియదు. తలనొప్పి లేదు కనుక నాకు పోటు లేదనువారు తూనికరాయి ముట్టకయే బస్తా బరువు చెప్పువారివంటివారు.

1733లో స్టీఫెన్ హేల్స్ అను ఇంగ్లీషు మతాచార్యుడు గుఱ్ఱపు నాళములో గొట్టము గ్రుచ్చి, రక్తము ఎంత ఎత్తు లేచునో చూచిన సంగతిని ప్రకటించెను. మనుష్యులకు అట్లు గ్రుచ్చుట కుదరదు గదా. 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచి చేతికి కట్టు గాలిపట్టీని కనిపెట్టెను; 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ ఆ పట్టీ క్రింద నాళము చేయు చప్పుడును చెవిగొట్టముతో విని రెండు అంకెలను పట్టుకొనెను. కొలత దొరికినది గాని మందు దొరకుటకు చాలకాలము పట్టినది. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు సంగతి చూడుడు. 1944 మార్చిలో కొలిచినప్పుడు ఆయన పోటు 186, 108. 1945 ఏప్రిల్ 12వ తేదీన తల వెనుక భరింపరాని నొప్పియని కూలినప్పుడు 300, 190. మెదడున నాళము చిట్లి అదే దినమున మరణించెను. వయస్సు 63. ప్రపంచయుద్ధము నడిపిన వానికి నాడు దొరకని మందు నేడు మన వీధిచివర మందుల కొట్టులో కొద్ది రూపాయలకు దొరకుచున్నది. దానిని వలదనుటకే మనవారు చప్పట్లు కొట్టిరి!

శ్రీమంతుల జబ్బనువారికి సమాధానము మన బెంగళూరులోనే కలదు. భారత వైద్య పరిశోధనా మండలికి చెందిన జాతీయ వ్యాధి సమాచార, పరిశోధనా కేంద్రము ఈ నగరముననే ఉన్నది. ఆ సంస్థ 2017–18లో దేశమంతట జరిపిన పరిశీలనలో 18 మొదలు 69 ఏండ్లలోపు వయోజనులలో నూటికి 28 మందికి మించి అధికపోటు కలవారని తేలినది. జబ్బు గల ఆ నూరుమందిలో తమకది కలదని ఎరిగినవారు 28 మందియే. మందు పుచ్చుకొనుచున్నవారు 15 మందికి లోపు. పోటు అదుపులో ఉన్నవారు 13 మందికి లోపు. నూరు రూపాయల అప్పులో 72 రూపాయలకు పద్దే లేదనియు, వసూలైనది 13 రూపాయలేననియు చెప్పిన గుమస్తాను మనము ఒక్క పూటయైనను కొట్టులో ఉంచుకొందుమా? మన దేహపు పద్దులు మాత్రము ఇట్లే నడుచుచున్నవి. అయినను మనకు చీమ కుట్టినట్లైనను లేదు.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏండ్లు దాటినవారిని తీసికొన్నచో దేశములో పురుషులు నూటికి 24 మంది, స్త్రీలు 21 మంది ఈ జబ్బు కలవారు. కర్ణాటకలో 27, 25. ఆంధ్రప్రదేశములో 29, 25. తెలంగాణములో 31, 26. మనము వచ్చిన చోటను, ఉన్న చోటను దేశపు సగటుకంటె ఎక్కువయే గాని తక్కువ లేదు. నూటికి ఇంతమంది శ్రీమంతులున్న రాష్ట్రమేదియో మాకు చూపినచో కొట్టు అచ్చటికే మార్చెదము. మా కొట్టుముందు బస్తాలు మోయు హమాలీలలో ఒకనికి, కొత్తగా కొన్న యంత్రము పనిచేయుచున్నదో లేదో చూచుటకు సరదాగా పట్టీ చుట్టగా 170, 104 వచ్చినది. వయస్సు 38. కారు లేదు, సైకిలు కలదు. యంత్రము చెడ్డదనుకొని మా చేతికి చుట్టుకొంటిమి. అది సరిగనే పనిచేయుచున్నది.

ఇక మూడవ ఆక్షేపణ. దీనికి మా దోషమునే ముందు ఒప్పుకొందుము. మాకు 41వ ఏట డాక్టరు చూచి 160, 100 అనెను. మాత్ర మొదలిడితిమి. నాలుగు నెలలకు 128, 80 అయినది. బాగైపోయినదని సంతోషించి, ఎవరితోను చెప్పక, మాత్ర మానితిమి. ఇంటివారు అడిగినచో వేసికొంటిమని అబద్ధమాడితిమి. మాత్రల పట్టీ గల్లాపెట్టెలో నాణెముల క్రింద ఉండెడిది. తొమ్మిది నెలల పిమ్మట ఒక పెండ్లిలో బావమరిది పోరు పడలేక చూపించుకొనగా 178, 108. ఆనాడు డాక్టరు అడిగిన ప్రశ్న ఇప్పటికిని చెవిలో ఉన్నది: “గొడుగు వేసుకుని తడవలేదు కాబట్టి వాన వెలిసిందనుకున్నారా?” ఆ 128 మాది కాదు, మాత్రది. మాత్ర పోగానే మాది మాకు తిరిగివచ్చినది. ఇంత లెక్కలు చేయు మేము ఈ చిన్న లెక్కలో బోర్లపడితిమి గనుకనే ఇప్పుడింత గొంతు చించుకొనుచున్నాము.

మాత్రవలన నిజముగా మేలు కలదా యను సందేహము నేటిది కాదు. ఒకప్పుడు పెద్ద వైద్యులకును ఉండెడిది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలో ఎడ్వర్డ్ ఫ్రైస్ అను వైద్యుని నాయకత్వమున దానిని తేల్చి, 1967లో ఫలితములు ప్రకటించిరి. క్రింది అంకె 115కును 129కిని నడుమనున్న 143 మంది పురుషులను తీసికొని, 73 మందికి మందును, 70 మందికి మందువలె కనబడు ఉత్తమాత్రలను ఇచ్చిరి. ఉత్తమాత్రల వారిలో తీవ్రమైన ఉపద్రవములు 27, మరణములు 4. మందు తిన్నవారిలో ఉపద్రవములు 2, మరణమొక్కటియు లేదు. పిదప జరిగిన 123 పరిశోధనలను, 6 లక్షలకు మించిన మనుష్యులను కలిపి 2016లో లెక్కవేయగా, పై అంకెను 10 తగ్గించినచో పక్షవాతము నూటికి 27 వంతులు, మరణము 13 వంతులు తగ్గునని తేలినది. దాసోహమందురా? మేము దినమును అన్నమునకు దాసోహమనుచున్నాము, కంటిఅద్దములకు దాసోహమనుచున్నాము. ఉదయమొక చిన్న బిళ్ళకు దాసోహమనుటలో పోవు పౌరుషమేమో అర్థము కాదు.

ఇంగ్లీషు మందులు వలదు, మన వేళ్ళు, మన ఆకులు చాలుననువారు కొందరు కలరు. మన వేరును మేమును గౌరవింతుము. సర్పగంధ వేరు అధికపోటును తగ్గించునని 1931లో కలకత్తాకు చెందిన గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిషు హృద్రోగ పత్రికలో దానిని గూర్చి వ్రాసి లోకమునకు చాటెను. 1952లో స్విట్జర్లాండువారు ఆ వేరునుండి రిజర్పిన్ అను సారమును వేరుపరచిరి. అది చాలకాలము ప్రపంచమున అధికపోటుకు ముఖ్యమైన మందుగా చెల్లినది. మనస్సును క్రుంగదీయుట మొదలగు దోషములుండుటచే, మేలైన మందులు రాగా వెనుకబడినది. దీనినిబట్టి చూచినను, మన వేరు గౌరవము పొందినది కొలిచి చూచిన పిమ్మటనే గదా! సంతలో ఎవడో పొట్లము కట్టి యిచ్చిన పొడిని కొలతయు లేక మ్రింగుట సర్పగంధను గౌరవించుట కాదు. మరియొక మాట: దగ్గుకని దినమును అతిమధురము నమలువారు జాగ్రత్త పడవలెను, అది పోటును పెంచును. మోకాళ్ళ నొప్పులకని మందుల కొట్టులో అడిగి తెచ్చుకొను డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలును పెంచును.

మాత్రలకు దోషములు లేవని మేము చెప్పము. అమ్లోడిపిన్ కొందరికి చీలమండలు వాచునట్లు చేయును. రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటివి కొందరికి పొడిదగ్గు తెచ్చును. గర్భిణులకు కొన్ని మందులు బొత్తిగా కూడవు. అట్టిది కలిగినచో డాక్టరుతో చెప్పి మార్పించుకొనవలెను. వేరు మందులు కలవు. చెప్పకుండ మానుట మాత్రము మేము చేసిన పని. అది మరియొకరు చేయనక్కరలేదు.

ఉప్పు మాట చెప్పకున్నచో ఈ వ్యాసము దొంగవ్యాసమగును, ఏలయనగా మేము ఉప్పు అమ్మువారము. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి దినమునకు 5 గ్రాములకు లోపు చాలుననుచున్నది. అనగా తలగొట్టిన టీచెంచాడు. పైన చెప్పిన బెంగళూరు సంస్థ పరిశీలనలో 2023లో వెల్లడియైన లెక్కనుబట్టి మన దేశపు వయోజనుడు తినుచున్నది సగటున 8 గ్రాములు, పురుషులు 8.9, స్త్రీలు 7.1. దీనిని కిరాణా లెక్కలోనికి మార్చుదము. నలుగురున్న ఇంటికి తలకు 5 గ్రాముల చొప్పున దినమునకు 20. కిలో పొట్లము 50 దినములు రావలెను. తలకు 8 గ్రాములైనచో 32. కిలో 31 దినములకు చెల్లిపోవును. మా కొట్టుకు వచ్చు సంసారుల నెలసరుకుల చీటీలు తీసి చూచితిమి. నలుగురున్న ఇంటికి “ఉప్పు 1 కిలో” అని ఎక్కువ చీటీలలో ఉన్నది. పరిశోధకులు మూత్రము పరీక్షించి తేల్చిన లెక్కయు, మా చీటీల లెక్కయు ఇంచుమించుగా ఒక్కటే అయినప్పుడు మాకు కొంచెము భయము వేసినది.

ఆ కిలోలో ఊరగాయ ఉప్పు చేరలేదని మరువరాదు. వేసవిలో మనవారు ప్రత్యేకముగా రాళ్ళుప్పు కొని పోవుదురు. ఆవకాయలో కారము, ఆవపిండి, ఉప్పు కొలతలు ఇంచుమించు సరిసమానము గదా! గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, వడియములు సరేసరి. అప్పడములలో ఉప్పుతోపాటు సోడాయు చేరును, అదియు సోడియమే. ఈ ఊరు వచ్చిన పిమ్మట వీనికి తోడు బేకరీ ఖారాబన్నులు, కాంగ్రెసు కడలెకాయి, సాయంకాలము వి.వి.పురము తిండివీధి. రెండు రాష్ట్రముల ఉప్పును ఒక్క నోటితో తినుచున్నాము. ఆవకాయ మానుడని మేము చెప్పము. చెప్పినచో ఇంటిలో మాకే చోటుండదు. గరిటెతో వడ్డించుకొనుట మాని వ్రేలితో తీసికొనుడనియు, ఆవకాయ పడిన ముద్దలో అప్పడము, మజ్జిగలో మరల ఉప్పు వలదనియు మాత్రమే అనుచున్నాము.

మన సంఘపు విందులమీదను ఒక మాట కలదు. ఉగాదినాడు విస్తరి మూల మొట్టమొదట వడ్డించునది ఉప్పు. కూరలలో ఉప్పు సరిపోయినదో లేదో చూడక ముందే మూలనున్నది కలుపుకొను చేతులను మేము వరుసగా చూచుచుంటిమి. ఉగాది పచ్చడిలోని ఉప్పు జోలికి మేము పోము; అది ఏడాదికి ఒక్కసారి, చెంచాడు. విస్తరి మూలనుండు ఉప్పును మాత్రము తీసివేసి, అడిగినవారికే వడ్డింపవలెనని రెండవ తీర్మానము తేనున్నాము. దీనికి మొదటిదానికంటె ఎక్కువ గొడవ జరుగునని ఎరుగుదుము.

సోడియము తగ్గించి పొటాషియము కలిపిన ఉప్పు ఇప్పుడు బజారులో దొరకుచున్నది. చీనాదేశమున 600 గ్రామములలో సుమారు 21,000 మందిపై జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, అట్టి ఉప్పు వాడినవారికి పక్షవాతము నూటికి 14 వంతులు తగ్గినది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థయు దానిని వాడవచ్చుననెను. కాని మూత్రపిండములు చెడినవారికి అది అపాయకరము. పోటుకు మందు తినువారును డాక్టరు నడుగకుండ వాడరాదు. మా కొట్టుకు వచ్చి ఆ ఉప్పు అడుగువారిని మేమిప్పుడు ఈ ప్రశ్న అడిగియే ఇచ్చుచున్నాము. రెండు బేరములు పోయినవి. పోనిండు.

పొగాకు, సారాయి, గద్దె దిగని కూర్చుబాటు, పొట్ట, వీనిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు; అందరును ఎరిగినదే, ఎవరును చేయనిదే. దినమునకు అరగంట వడిగా నడచుటకు లాల్‌బాగు టికెట్టు కొననక్కరలేదు, మార్కెట్టునుండి ఇంటికి నడచినను చాలును.

ఆదివారపు ఏర్పాటులో మేము చేయదలచినదేమో, చేయనిదేమో స్పష్టముగా చెప్పుదుము. వైద్యము చేయము, మందు పేరు చెప్పము. కొలిచి, వ్రాసి, తెలుగున చెప్పి, డాక్టరు దగ్గరకు పంపుదుము. అంతే. పాదరసపు యంత్రము తేలేదేమని ఒకరడిగిరి. పాదరసము విషమని 2013 నాటి మినమాటా ఒప్పందముతో అవి మూలపడుచున్నవి. పై చేతికి కట్టు విద్యుద్యంత్రములు చాలును, మణికట్టువి వలదు. కొలత మాత్రము పద్ధతిగా జరుగవలెను. అరగంట ముందునుండి కాఫీ, పొగ, పరుగు కూడదు. మూత్రవిసర్జన చేసి రావలెను. వీపు కుర్చీకి ఆనించి, పాదములు నేలపై మోపి, కాలుపై కాలు వేయక, 5 నిమిషములు ఊరక కూర్చుండవలెను. పట్టీని చొక్కాపై కాక చేతిమీదనే చుట్టి, చేయి గుండె ఎత్తున బల్లపై ఉంచవలెను. మాటలాడరాదు. మనవారికి అన్నిటికంటె కష్టమైనది ఇదియే. నిమిషము ఆగి రెండవసారి కొలువవలెను. ఒక్కనాటి అంకెను చూచి ఎవరికిని జబ్బు అంటగట్టము. కాని 180, 120 దాటి దానితో గుండెనొప్పియో, ఆయాసమో, మూతి వంకరపోవుటయో, మాట తడబడుటయో, చేయి కాలు పట్టు తప్పుటయో ఉన్నచో చీటీ వ్రాయుచు కూర్చుండము. 108కి ఫోను చేసి ఆసుపత్రికి పంపుదుము.

డబ్బులేదన్న మాటకు తావు లేదు. ఈ నగరపు పేటలలో నమ్మ క్లినిక్కులు తెరచినారు. పోటు చూచి మందులు ఉచితముగా ఇచ్చుచున్నారు. మనవారు విస్తారముగా ఉన్న కోలారు జిల్లాలో 2024 అక్టోబరున గృహ ఆరోగ్య పథకము మొదలై, ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వచ్చి 30 ఏండ్లు దాటినవారికి కొలుచుటకు ఏర్పాటైనది. తెలంగాణమున 2017 నవంబరులో ఆరంభమైన భారత రక్తపుపోటు నియంత్రణ కార్యక్రమము క్రింద రోగికొక చీటీ ఉంచి, నెలనెల మాత్రలిచ్చి, రానివారిని వెదకి పిలుచు పద్ధతి పెట్టిరి. మేమడుగుచున్న చీటీపుస్తకము అట్టిదే. ప్రభుత్వము చేయుచున్నది గదా, మనమేలయందురేమో. ఆ అవ్వకు మందిచ్చినవారు లేకపోలేదు. తెలుగున చెప్పినవారే లేకపోయిరి.

వచ్చు సర్వసభ్య సమావేశమున తీర్మానము మరల వచ్చును. సభ్యులు నవ్వుటకైనను తప్పక రావలెను. అంతవరకు యంత్రములు రెండును తరగుపేటలో మా కొట్టు గల్లాపెట్టె ప్రక్కన ఉన్నవి. ఉదయము 8 మొదలు 10 వరకు ఎవరైనను రావచ్చును. కాఫీ ఇత్తుము గాని కొలత అయిన పిమ్మటనే. “ధర్మాసుపత్రా” అని అడిగిన పెద్దమనిషి గత శుక్రవారము జీలకఱ్ఱ ధర అడుగవచ్చి, ధర విని, కొంతసేపు నిలిచి, చొక్కాచేయి పైకి మడచిరి. అంకె ఎంతయో మేము చెప్పము; అది వారిది. చీటీ మడచి జేబులో పెట్టుకొని, మంగళవారము మరల వచ్చెదమని చెప్పి, కాఫీ త్రాగకయే వెళ్ళిరి.